చెంచా తిండి కాదట

"నా పళ్ళానికి కాపలా కాసింది మీరు. ఫ్రిజ్జుకు తాళం వేసింది మీరు. నేను స్నానానికి వెళ్తే నా పరుపు ఎత్తి కింద వెతికింది కూడా మీరే. ఇన్ని చేసి చివరికి నన్ను దొంగ అంటారా? సిగ్గుండాలి మీకు!"

అక్క భుజాన సంచీ ఇంకా దించలేదు. హాస్పిటల్ నుంచి వచ్చిన మనిషి వచ్చినట్టే గుమ్మంలో నిలబడి అరుస్తోంది. బేకరీ వెనక వంటగదిలో పనివాళ్ళు ట్రేలు దించడం ఆపేశారు. వాళ్ళకూ ఆమె అక్కే. ఆ ఇంట్లో, ఆ షాపులో అందరికీ ఆమె అక్కే. పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళకు "నాకు ఓవెన్‌తో అయిపోయింది, కాపురం వేడివేడిగా ఉంది" అని చెప్పే మనిషి.

భోజనాల బల్ల దగ్గర ముగ్గురున్నారు. గల్లాపెట్టె తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని అమ్మ. పొద్దున డయాలసిస్ చేయించుకుని, చేతికి కట్టు ఇంకా విప్పని తమ్ముడు. వాడి పక్కన, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిన వాడి భార్య.

"దొంగ అని నేనన్నానా వదినా?" అంది మరదలు. "కాంటా అంది."

హాస్పిటల్లో బరువు చూసే కాంటా ఏమందో అందరికీ తెలుసు. పోయిన నెల చూపించిన అంకే ఈ నెలా చూపించింది. అంతకు ముందూ అదే. సర్జను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీ కిడ్నీ అతనికి సరిపోతుంది. అన్నీ కలిశాయి. కానీ ఈ బరువుతో మిమ్మల్ని కోయను. ఇంకో నాలుగు కిలోలు తగ్గి రండి. ఒకర్ని ప్రమాదంలో పెట్టి ఒకర్ని బతికించను" అన్నాడు. ఆపరేషన్ తేదీ మళ్ళీ కొట్టేశారు. బయటికి వస్తుంటే నర్సు మెల్లగా ఇంకో మాట చెప్పింది. తమ్ముడి గుండె అలిసిపోతోందట. మరీ ఆలస్యం చేస్తే అక్క సన్నబడి వచ్చినా లాభం ఉండకపోవచ్చట.

అక్క ఊరికే కూర్చుందా? సూపు డైటు చేసింది. గుడ్ల డైటు చేసింది. పొద్దున తిని సాయంత్రం మానేసేది చేసింది, సాయంత్రం తిని పొద్దున మానేసేది చేసింది. కొవ్వు తింటూ కొవ్వు కరిగించేది కూడా చేసింది. పక్క వీధి జిమ్ కుర్రాడు చెప్పింది, బస్సులో పరిచయమైన ఆవిడ చెప్పింది, ఫోనులో ఎవడో పళ్ళికిలిస్తూ చెప్పింది, ఏదీ వదల్లేదు. మొదట్లో కిలోలకు కిలోలు కరిగింది. బట్టలు వదులై పిన్నులు పెట్టుకుని తిరిగింది. ఆ తర్వాత ఆగిపోయింది. మొండి గాడిద నడిరోడ్డు మీద ఆగినట్టు ఆగింది. కొట్టినా కదల్లేదు, బతిమాలినా కదల్లేదు.

"నేను తింటుంటే చూసినవాళ్ళు ఎవరో చెప్పండి. ఇప్పుడే చెప్పండి," అంది అక్క.

"చూడక్కర్లేదు." మరదలు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "బస్సులో మీ పక్కనే కూర్చున్నాను. మీరు నోరు తెరిస్తే వెన్న వాసన. వెనీలా వాసన. దాని కింద మాడిన చక్కెర వాసన. నర్సు అడిగితే పొద్దున్నుంచి ఉత్త నీళ్ళ మీద ఉన్నానన్నారు. నీళ్ళకు వెన్న వాసన వస్తుందా వదినా?"

"ఊరుకోవే," అన్నాడు తమ్ముడు.

"నేనూరుకోను. ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. మీ ఒళ్ళు, మీ ఇష్టం. నేను మీ కాళ్ళు పట్టుకోను. కానీ ఇస్తానని ఆశపెట్టి, మా ఎదురుగా సూపు తాగి, చాటుగా క్రీములు మెక్కుతుంటే..."

"మెక్కానా?" అక్క సంచీ నేలకు విసిరింది. అందులోంచి నీళ్ళ సీసా దొర్లి బల్ల కిందికి పోయింది. "పొద్దున నేనేం తిన్నాను? కస్టర్డు రుచి చూశాను. క్రీము రుచి చూశాను. పాకం రెండు సార్లు రుచి చూశాను. హాస్పిటల్‌కు వెళ్ళే రోజు కదా అని ఆ పని మానేస్తే షాపు ఎవరు నడుపుతారు, నువ్వా?"

"అయితే తిన్నట్టే కదా!"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు!" ఈసారి అరిచింది అమ్మ. తాళాల గుత్తి బల్ల మీద ధన్‌మని పెట్టింది. "నా కూతుర్ని దొంగ అనడానికి నీకెన్ని గుండెలు? అది ముట్టింది చెంచా. చెంచా తిండి కాదు. మీ మామగారి తండ్రి షాపు పెట్టిన నాటి నుంచీ ఈ ఇంట్లో చెంచా తిండి లెక్కలోకి రాదు. అది పని."

ఆ గుత్తిలో తాళాలతో పాటు ఒక పొడుగాటి స్టీలు చెంచా కూడా వేలాడుతోంది. షాపులో తయారయ్యే ప్రతిదీ ఆ చెంచాతో ఒకరు రుచి చూసి, ఊఁ అంటేనే ముందుకు కదులుతుంది. ఆ ఒక్కరూ ఇంట్లో పుట్టినవాళ్ళే అయ్యుండాలి. తాత అయ్యాక నాన్న, నాన్న అయ్యాక తమ్ముడు. కిడ్నీలు పాడయ్యాక తమ్ముడికి ఏది నోట్లో పెట్టుకున్నా ఇనప రేకు నాకినట్టుంది. అందుకని చెంచా అక్కకు వచ్చింది. పొద్దున అమ్మ గుత్తిలోంచి తీసి ఇస్తుంది, పని ఆగినప్పుడల్లా వెనక్కి తీసుకుంటుంది.

అమ్మ కూతురి పక్షాన అంత గట్టిగా నిలబడింది. కానీ ఎవరి పక్షాన నిలబడిందో ఆ మనిషి ముఖమే ముందు పాలిపోయింది.

తమ్ముడు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, "అమ్మా, నేను రుచి చూసే రోజుల్లో మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చునేవాణ్ణి కాదు. గుర్తుందా? వెంటపడి తిట్టేదానివి" అన్నాడు.

"ఊఁ. అయితే?"

"ఆకలేసేది కాదు."

"అయితే ఏమిట్రా?"

"ఎందుకు వేసేది కాదంటావ్?"

అక్క మెల్లగా కుర్చీలో కూర్చుంది. ఆమె కళ్ళు బల్ల మీది చెంచా మీదే ఉన్నాయి.

డైటు చెప్పే మేడమ్ ఎన్నిసార్లు అడిగింది! పొద్దున ఏం తిన్నారు, మధ్యాహ్నం ఏం తిన్నారు, మధ్యలో ఏమైనా తిన్నారా అని. అక్క ఒక్క అబద్ధం చెప్పలేదు. చెంచా సంగతి దాచిపెట్టనూ లేదు. దాచాలంటే అది తిండి అని ముందు తెలియాలి కదా. పుట్టినప్పటి నుంచి కాదు కాదు అని చెవిలో పోస్తే, కాదనే అనుకుంటారు మనుషులు.

"నా బరువు ఎప్పుడాగింది?" అంది అక్క. ఎవర్ని అడిగిందో తెలియదు.

"ఈయన నోరు చెడినప్పుడు," అంది మరదలు. ఆమె గొంతులో ఇందాకటి కోపం లేదు. ఇంకేదో ఉంది.

అప్పుడే కౌంటరు కుర్రది తలుపు తోసుకుని వచ్చింది. "అమ్మగారూ, పొద్దున పంపిన టార్టులు వెనక్కొచ్చాయి. పాకం చేదుగా ఉందట. మాడిందట."

అమ్మ అక్క వైపు చూసింది. తమ్ముడూ చూశాడు. పొద్దున ఆ పాకానికి ఊఁ అన్నది అక్కే.

మరదలు మాత్రం నేల వైపు చూస్తూ నిలబడింది.

*

మర్నాడు అక్క వంటగదిలోకి ఒక ఖాళీ గిన్నె తెచ్చుకుంది.

కస్టర్డు వచ్చింది. చెంచాడు తీసింది. నోటి దాకా తీసుకెళ్ళి, వాసన చూసి, గిన్నెలో వేసింది. "ఊఁ, పంపండి" అంది. ఓవెన్ దగ్గర పని చేసే పెద్దాయన ఎగాదిగా చూశాడు. "ఏంటక్కా, ఇవాళ గిన్నె రుచి చూస్తోందా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు.

"ఇవాళ గిన్నె డైటులో ఉంది," అంది అక్క.

క్రీము. గిన్నెలో. జాము. గిన్నెలో. చాక్లెట్ ఒకసారి పల్చగా ఉందని వెనక్కి పంపింది, మళ్ళీ వచ్చింది, అదీ గిన్నెలో. కేకు అంచు తుంచింది. బిస్కెట్టు విరిచింది. రోజూ ఎంత తీసుకుంటుందో అంతే, ఒక్క చుక్క ఎక్కువ కాదు, ఒక్క చుక్క తక్కువ కాదు. ప్రతిసారీ చెయ్యి అలవాటు కొద్దీ నోటి వైపే వెళ్ళింది. ప్రతిసారీ దాన్ని లాక్కొచ్చింది. కూతురి చెయ్యి పట్టి బజార్లో బొమ్మల కొట్టు ముందు నుంచి ఈడ్చుకొచ్చే తల్లిలా.

మధ్యాహ్నం పని ఆగేసరికి గిన్నె నిండింది. పసుపు, తెలుపు, ఎరుపు, గోధుమ రంగు అన్నీ కలిసి బురదలా తయారయ్యాయి. పైన బిస్కెట్టు ముక్కలు తేలుతున్నాయి. అక్క ముందు దాన్ని చూసి భయపడింది. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది.

గిన్నె తీసుకెళ్ళి గల్లాపెట్టె మీద అమ్మ ముందు పెట్టింది.

"ఏంటే ఈ చెత్త? కస్టమర్లు వచ్చే చోట..."

"నా ఉపవాసం," అంది అక్క. "ఒక పూటది. సాయంత్రం ఇంకో గిన్నె వస్తుంది."

అమ్మ గిన్నెలోకి చూసింది. చాలాసేపు చూసింది. చంటిపిల్లకు పెట్టే మోతాదు కాదు అది, ఇద్దరు మగవాళ్ళు కూర్చుని తినేంత ఉంది. చెయ్యి చాపి, అక్క చేతిలోని చెంచా తీసుకుని, తుడిచి, గుత్తిలో తగిలించుకుంది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

"సరే," అంది చివరికి. "రేపట్నుంచి ఉమ్మెయ్యి."

"ఉమ్మితే తెలియదని ఎవరు నేర్పారు నాకు? పాకం మాడిందో లేదో గొంతు దిగేటప్పుడే పట్టుబడుతుందని నాన్నే కదా చెప్పింది?"

"పెద్ద ఆర్డరు నెత్తి మీద ఉంది. ఆ హోటలు వాళ్ళది ఒక్కటీ గట్టెక్కనీ. తర్వాత చూద్దాం."

"తర్వాత ఇంకో ఆర్డరు వస్తుందమ్మా. ఇంకో తమ్ముడు వస్తాడా?"

అమ్మ ముఖం ముడుచుకుపోయింది. "నన్ను రాక్షసిని చెయ్యకు. వాడు నా కడుపున పుట్టలేదా? షాపు మూస్తే వాడి మందులు ఎక్కణ్ణుంచి తెస్తావ్? డయాలసిస్ ఎవరు చేయిస్తారు? గల్లా దగ్గర కూర్చుని ఆలోచించేది నేను. మీరంతా అరిచి వెళ్ళిపోతారు."

"షాపు మూయమని నేనన్నానా? నాలుక మార్చమంటున్నాను."

"ఎవరిది పెట్టమంటావ్? వాడిది పోయింది. నాకు షుగరు. ఇంకెవరున్నారు ఇంట్లో?"

అక్క వెనక్కి తిరిగి చెయ్యి చూపించింది. వంటగదికీ షాపుకూ మధ్య గుమ్మంలో, అట్టపెట్టెలు మడుస్తూ మరదలు ఉంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమె పని అదే. పెట్టెలు మడవడం, రిబ్బను కట్టడం.

"దానికివ్వు చెంచా."

మరదలు చేతిలోని పెట్టె సగం మడతలో ఆగిపోయింది. "నన్నెందుకు లాగుతారు వదినా మధ్యలోకి?"

"నిన్న నేను మింగి కూడా కనుక్కోలేని మాడు, బస్సులో నా ఊపిరి తగిలి నువ్వు కనుక్కున్నావ్. టార్టులు వెనక్కి రాకముందే చెప్పావ్. అలిసిపోయిన నాలుక నాది. తినీ తినీ మొద్దుబారింది. నీది మేలుకుని ఉంది."

"నిన్న అన్న మాట నేను వెనక్కి తీసుకోను. తిన్నారు కాబట్టి తిన్నారన్నాను."

"తీసుకోకు. ఈ ఇంట్లో నిజం చెప్పింది నువ్వొక్కదానివే."

*

భోజనాల తర్వాత పని మళ్ళీ మొదలైంది. పొయ్యి మీద పాకం ఎక్కింది. హోటలు ఆర్డరుది, పెద్ద పాత్ర.

అమ్మ గల్లా వదిలి వంటగదిలోకి వచ్చింది. అది ఎప్పుడూ జరగదు. పనివాళ్ళు దారిచ్చారు. గుత్తి పట్టుకుని, చెంచా పైకి తీసి అక్క వైపు చాపింది.

అక్క రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"తీసుకోవే."

"తీసుకోను."

"అందరి ముందూ పరువు తియ్యకు. బయటినుంచి వచ్చిన పిల్ల అది. రేపు మొగుడితో పడకపోతే? ఈ రుచి నోట్లో పెట్టుకుని వెళ్ళి ఎదురుగా షాపు పెడితే? ఈ ఇంట్లో పుట్టినవాళ్ళకే చెంచా. అంతే."

"నువ్వెక్కడ పుట్టావమ్మా?"

పాత్రలో పాకం బుడగలు పెద్దవయ్యాయి.

అమ్మ పక్కనున్న పిండి బస్తా మీద చెయ్యి ఆనించింది. తమ్ముడు గోడ పట్టుకుని మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ వాణ్ణి చూడలేదు. ఎవర్నీ చూడలేదు.

"అడిగాను," అంది. అంత చిన్న గొంతు ఆమెకుందని ఆ వంటగదిలో ఎవరికీ తెలియదు. "పెళ్ళైన కొత్తలో అడిగాను. ఒక్కసారి రుచి చూస్తానని. మీ తాత నవ్వాడు. కోడలికి చెంచా ఇస్తే షాపు తాళాలు వీధిలో పారేసినట్టే అన్నాడు. మీ నాన్న కూడా నవ్వాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఈ కేకులు అమ్ముతున్నాను. ఏది బాగా కుదిరిందో కొనుక్కునేవాళ్ళ ముఖాలు చూసి తెలుసుకున్నాను. నాకు ఇవ్వంది..."

ఆపేసింది. మిగతా మాట చెప్పక్కర్లేదు. అందరికీ వినిపించింది.

మరదలు చేతిలోని పెట్టె కింద పెట్టింది.

"నిన్ను చూసి నవ్వారు కాబట్టి నువ్వు దాన్ని చూసి నవ్వుతావా?" అంది అక్క. "ఆ నవ్విన ఇద్దరూ పోయారమ్మా. నీ కొడుకు ఇంకా ఉన్నాడు. వాళ్ళ మాట నిలబెట్టడానికి వీణ్ణి ఖర్చు పెడతావా?"

"అక్కా," అన్నాడు పొయ్యి దగ్గరి పెద్దాయన. "రంగు తిరుగుతోంది. దించమంటారా, ఉంచమంటారా?"

ఎవరూ ఊఁ అనలేదు.

"అక్కా! ఇది ఆగదు. ఎవరో ఒకరు చెప్పండి."

తమ్ముడు ముందుకు ఒక అడుగు వేశాడు. ఆగాడు. వాడి నాలుకకు చక్కెరా ఒకటే, ఇనుమూ ఒకటే.

అక్క గోడకు తగిలించిన మాస్కు తీసుకుంది. ముక్కూ నోరూ కప్పుకుని, తాళ్ళు తల వెనక్కి తెచ్చి ముడి వేసింది. ఒక ముడి చాలక ఇంకో ముడి వేసింది. పనివాళ్ళలో ఒకడు నవ్వబోయి మానేశాడు.

"ఈ నోరు ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా వంటగదిలో తెరుచుకోదు," అంది మాస్కు లోంచి. "అన్ని డైట్లూ నా మీద చేశాను. నా ఒళ్ళు చేసిన తప్పేం లేదు. ఇంక ఈ ఇల్లు చెయ్యాలి డైటు."

వెనక కుళాయి తిప్పిన చప్పుడైంది. మరదలు చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా, సబ్బు పెట్టి, తొందర లేకుండా. కడుక్కుని వచ్చి అమ్మ ముందు నిలబడింది. అడగలేదు. చెయ్యి మాత్రం చాపింది. తడి అరచెయ్యి, అందులో ఏమీ లేదు.

అమ్మ వేళ్ళు గుత్తి మీద బిగుసుకున్నాయి. తాళాలు గలగలమన్నాయి. పాత్రలోంచి మొదటి పొగ తీగ పైకి లేచింది. ఇంకా చేదు కాదు. ఇంకో నిమిషంలో అవుతుంది.

"అమ్మా, వాసన వస్తోందా? నాకు రావట్లేదు, ముక్కు మూసుకున్నాను. దానికి వస్తోంది, ముఖం చూడు!" అక్క అడుగు ముందుకేసింది. "ఆ గుత్తిలోంచి చెంచా తియ్యి. దాని చేతిలో పెట్టు. ఆర్డరు అయ్యాక కాదు, రేపు కాదు. ఇప్పుడు, ఈ పాకం మాడేలోపు!"